ఒక భుజం ఎత్తున్న ఆకు

మార్చి 4

ఒరే గుండూ,

ఆ కొండ మీద, ఆ గుడారంలో తిండీ నిద్రా ఎలా ఉన్నాయో రాయి. మీ నాన్నను అడిగితే "బాగానే ఉన్నాడు" అంటాడు. మా అన్నయ్య లెక్కలో ఊపిరి తీసుకుంటున్న వాళ్ళందరూ బాగానే ఉన్నట్టు. ఫోను అందని చోట ఉద్యోగం వెతుక్కున్నావు కాబట్టి ఇలా కాగితం ముందేసుకుని కూర్చున్నాను. నేను ఇదివరకు ఉత్తరం రాసింది ఒక్కసారే, గుండీలు ఊడిపోతున్నాయని ఆ కంపెనీ వాళ్ళను తిట్టడానికి.

ఇక సంగతికొస్తాను. మా వీధిని వెడల్పు చేస్తారట. నా కుట్టు దుకాణం ముందున్న చెట్టుకు ఎసరు పెట్టారు. ఈ నేల మీద తరతరాలుగా పుట్టి పెరుగుతున్న జాతి అయితే చెట్టును ఉంచి రోడ్డునే పక్కకు జరుపుతారు. ఎక్కడినుంచో తెచ్చి నాటిన జాతి అయితే కొట్టేస్తారు. రోడ్ల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి చెట్టు చుట్టూ తిరిగాడు, పైకి చూశాడు, తల గోక్కున్నాడు. "ఏ జాతో నాకు అంతుపట్టడం లేదమ్మా. చెట్ల సర్వే వాళ్ళ దగ్గర నుంచి కాగితం తెప్పించుకోండి. లేకపోతే కొట్టేయడమే" అని చెప్పి పోయాడు. చెట్ల సర్వే అంటే నువ్వే కదా!

నాది రేకుల దుకాణమని నీకు తెలుసు. ఆ నీడ లేకపోతే మధ్యాహ్నానికి లోపల బట్టలు వాటంతట అవే ఇస్త్రీ అయిపోతాయి, నాతో సహా. కొలతలకు వచ్చినవాళ్ళు కూర్చునేదీ దాని కిందే. చెట్టు పోతే దుకాణం మూసేయాలి. దుకాణం మూస్తే మీ నాన్న ఇంటికి వెళ్ళి పడాలి. సొంత అన్నయ్యే, కాదనను. కానీ తెల్లారి లేస్తే ఎవరు ఏ లైటు ఆర్పలేదో చదివి వినిపించే మనిషి నీడన నేను బతకలేనురా. నా తాళం నా కొంగుకే ఉండాలి.

ఎదురు దుకాణం కళ్ళద్దాలాయన మాత్రం తెగ సంబరపడుతున్నాడు. చెట్టు కొమ్మలు తన బోర్డును కప్పేస్తున్నాయని ఆయన ఏడుపు. "ఆ బోర్డు చదవగలిగిన వాడికి మీతో పనేముందండీ" అన్నాను. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు.

నమూనాలు ఇందులో పెట్టాను. ఒక ఆకు, గుప్పెడు సూదుల్లాంటి ఆకులు, మూడు గింజలు. అన్నీ చెట్టు కిందే ఏరాను. చూసి, మన నేల చెట్టేనని రాసి పంపించు.

నా దుకాణం నీ చేతిలో పెట్టాను, జారవిడవకు.
అత్త

మార్చి 11

అత్తయ్యా,

నీ కవరు విప్పగానే మా గుడారంలో వాళ్ళందరూ చుట్టూ మూగారు. నువ్వు పంపినదాన్ని బట్టి నీ చెట్టుకు వెడల్పాటి ఆకులూ సూది ఆకులూ చిక్కుడు లాంటి గింజలూ అన్నీ ఒకేసారి కాస్తాయి. అలాంటి చెట్టే ఉంటే దాని చుట్టూ అద్దాల మేడ కట్టి టిక్కెట్టు పెట్టవచ్చు, నీకు కుట్టుపని అవసరమే ఉండదు.

ఆ సూదులు మూడేసి ఒక్కో కట్టగా ఉన్నాయి. అవి మీ వీధి చివర స్కూల్లో పెంచిన చెట్టువి, గాలికి కొట్టుకొచ్చి ఉంటాయి. గింజలు పక్షుల పుణ్యం. ఆకు ఒక్కటే నీ చెట్టుది అయ్యుండాలి, దాన్ని నువ్వు రుమాలులా నాలుగు మడతలు పెట్టావు. నాకు చేరేసరికి పొడి మిగిలింది.

కింద పడ్డవి ఏరకు అత్తయ్యా. కొమ్మ మీదున్న ఆకులే కోయి. అవి కొమ్మకు ఎదురెదురుగా పుట్టాయో, ఒకటి ఇటు ఒకటి అటు పుట్టాయో చూసి రాయి. గింజలు కూడా చెట్టుకు వేలాడుతున్నవే కావాలి. పాత పేపర్ల మధ్య పరిచి పైన బరువు పెట్టు. నలగకుండా, శుభ్రంగా, పద్ధతిగా పంపు. మా మేడమ్ సంతకం లేకపోతే కాగితం చెల్లదు. అడ్డదిడ్డంగా ఏదైనా ముందు పెడితే ఆవిడకు ముక్కు మీద కోపం.

మీ వైపు రోడ్ల పక్కన రెండు జాతులున్నాయి. అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకటి మన నేలది, దాన్ని మేం రెక్కగింజ అంటాం. రెండోది బయటినుంచి వచ్చింది, నున్నాకు అంటాం. బెరడు చూసినా, ఎత్తు చూసినా తేడా తెలియదు. ఆకులో, గింజలో ఉంది కిటుకు. అదేమిటో మాత్రం నీకు చెప్పను. చెబితే ఊరంతా గాలించి అలాంటి ఆకే పట్టుకొస్తావు. నీ సంగతి నాకు తెలియనిదా? చిన్నప్పుడు నా డ్రాయింగు పోటీకి బొమ్మ గీసిపెట్టింది నువ్వే కదా.

ఇక్కడ తిండి బాగానే ఉంది. నాన్న అబద్ధం చెప్పలేదు.

నీ మీద నమ్మకం లేకపోయినా ప్రేమ ఉన్న,
గుండు

మార్చి 17

నన్ను దొంగను చేసిన మేనల్లుడా,

ఆ పోటీలో నీకు రెండో బహుమతి వచ్చింది. ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదా?

సరే, నువ్వు చెప్పినట్టే చేశాను. కుర్చీ మీద స్టూలు, స్టూలు మీద నేను. పట్టుకోవడానికి ఎవరూ లేకపోతే, మాటల్లేవన్న సంగతి మరచిపోయి కళ్ళద్దాలాయన్నే పిలిచాను. ఆయనా మరచిపోయి వచ్చి పట్టుకున్నాడు. దిగాక ఇద్దరికీ గుర్తొచ్చింది.

ఆకులు కొమ్మకు ఒకటి ఇటు, ఒకటి అటు ఉన్నాయి. ఎదురెదురుగా లేవు. ఆకులూ గింజలూ ఒకే కొమ్మవి, ఒట్టు. ఒక పూట పని మానుకుని మరీ సిద్ధం చేశాను. మీ మేడమ్ వంక పెట్టడానికి సందు దొరికితే చూడు. మనింటి ఆడపడుచు పనితనం ఎలా ఉంటుందో ఆవిడకూ తెలియాలి.

మీ నాన్న ఫోను చేశాడు. "చెట్టు ఎప్పుడు కొడతారు?" అన్నాడు. ఎలా ఉన్నావు అని లేదు, తిన్నావా అని లేదు. కొట్టరులే అన్నయ్యా అంటే, "అది కాదు, కొడితే ఏ తారీకుకి కొడతారు?" అని మళ్ళీ అదే పాట. నా దుకాణం ఎప్పుడు మూతపడుతుందా అని కాచుక్కూర్చున్నట్టున్నాడు. ఇన్నాళ్ళకు చెల్లెలు తన మాట వినే రోజు వచ్చిందని లోపల ఎంత ఆనందమో! ఫోను పెట్టేశాను.

కాగితం తొందరగా పంపు.
అత్త

మార్చి 24

అత్తయ్యా,

ఇది కూర్చుని చదువు.

నీ చెట్టు నున్నాకు జాతి. బయటినుంచి వచ్చిన చెట్టే. నేను రాయాల్సింది అదే కాబట్టి అదే రాశాను, మేడమ్ సంతకం పెట్టారు, కాగితం మీ రోడ్ల ఆఫీసుకు వెళ్ళిపోయింది.

అనుమానానికి చోటే లేదు. ఇప్పుడు చెప్పినా ఫరవాలేదు కాబట్టి చెబుతున్నాను. రెక్కగింజ ఆకు అంచు రంపంలా పళ్ళు పళ్ళుగా ఉంటుంది, నువ్వు పంపింది తీగలా నున్నగా ఉంది. రెక్కగింజ ఆకు కాడ దగ్గర రెండు పక్కలూ సమానంగా కలవవు, ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి ఉంటుంది. నీ ఆకు రెండు పక్కలూ కొలిచినట్టు సమానం. రెక్కగింజకు ఆ పేరు వచ్చిందే గింజ చుట్టూ కాగితం లాంటి పల్చటి రెక్క ఉంటుందని. నీ గింజలకు రెక్క లేదు. మూడింటికి మూడూ తప్పాయి.

అంత పొందికైన ఆకు నేనెప్పుడూ చూడలేదు. మేడమ్ కూడా భూతద్దంలోంచి చాలాసేపు చూసి, "ఇది చెట్టుకు కాసిందా, మిషన్ మీద కుట్టారా?" అన్నారు. గుడారమంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నీకు రాయబోయే ఈ ఉత్తరమే కళ్ళ ముందుంది.

కళ్ళు మూసుకుని మన చెట్టేనని రాసేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. నీ కోసం రాసేవాణ్ణే. కానీ అలా ఒకసారి రాస్తే ఆ తర్వాత నేను రాసే ఏ కాగితాన్ని ఎవరు నమ్ముతారు? నన్ను తిట్టు, నాలుగు తగిలించు, మాట్లాడటం మాత్రం మానకు.

గుండు

ఏప్రిల్ 1

శ్రీయుత చెట్ల ఆఫీసరు గారికి,

తమరి ఉత్తరం అందింది. తమరి కాగితం నాకంటే ముందే రోడ్ల ఆఫీసుకు అందింది. వాళ్ళు వచ్చి చెట్టు నడుముకు ఎర్ర రంగుతో పెద్ద గుణకారం గుర్తు వేసి వెళ్ళారు. ఆ గుర్తున్న చెట్లన్నీ కొట్టేస్తారట.

తమరిలాగే నేను కూడా కళ్ళు మూసుకుని ఊరుకోలేను కదండీ. కిటికీ పరదాలకు తెచ్చిన దళసరి గుడ్డ మిగిలితే చెట్టుకు కొలతలు తీసి నడుము పట్టీ కుట్టాను. వెనక వరుసగా గుండీలు, కాజాలు. ఎర్ర గుర్తు కనబడితే ఒట్టు. నిన్న గొడ్డళ్ళ మేస్త్రీ తన మనుషులతో వచ్చి వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా గుర్తు కోసం వెతికి, దొరకక వెళ్ళిపోయాడు. పోతూ పోతూ "ఈ చెట్టుకు చలేస్తోందా అమ్మా?" అన్నాడు. "జ్వరం" అన్నాను. కళ్ళద్దాలాయన ఊరుకున్నాడా? బయటికొచ్చి గుండీలు విప్పి మరీ చూపించాడు. అప్పటికే వాళ్ళ బండి మలుపు తిరిగింది. సోమవారం మళ్ళీ వస్తారట.

నాకు మండుతున్నది ఒక్కటే. ఆ ఆకుల మీద నేను పడ్డ చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరైంది. అసలా చెట్టుకు బుద్ధి లేదు, ప్రతి ఆకునూ ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లంగా కంటుంది. నా దుకాణం నుంచి అలాంటిది బయటికి పోతుందా? ఒక్కో ఆకునూ నిలువుగా మడిచి, ఎక్కువున్న వైపు కత్తిరించి, రెండు భుజాలూ సమం చేశాను. అంచులన్నీ ఎలక కొరికినట్టు పళ్ళు పళ్ళుగా ఉంటే చిన్న కత్తెరతో చుట్టూ నున్నగా తీశాను. గింజలకు ఎండు కాగితం లాంటి పొట్టు వేలాడుతుంటే పోగులు కత్తిరించినట్టు కత్తిరించి కడిగాను. పైన గుడ్డ పరిచి ఇస్త్రీ కూడా చేశాను. శుభ్రంగా, పద్ధతిగా పంపమన్నది తమరే కదా? ఇంత చేస్తే "మిషన్ మీద కుట్టారా" అని ఎగతాళా! మీ మేడమ్‌కు పనితనం చూసే కళ్ళే లేవు.

మీ నాన్న ఇంటికి వెళ్ళడానికి పెట్టె మాత్రం సర్దడం లేదు. అది తమరికి తెలియజేయడమైనది.

తమరి అత్త

ఏప్రిల్ 4
(జీపు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను)

అత్తయ్యా! కత్తెర కింద పెట్టు!

నువ్వు కత్తిరించి పారేసినవే రెక్కగింజ గుర్తులన్నీ! ఎత్తుపల్లాల భుజాలు, పళ్ళ అంచు, కాగితం రెక్క. నీ చెట్టును నువ్వే చేతులారా వేరే జాతిలోకి మార్చి పంపావు. ఇన్నాళ్ళ సర్వేలో మమ్మల్ని మోసం చేయాలని ఎందరో చూశారు, ఎవరి వల్లా కాలేదు. మోసం చేయాలన్న ఆలోచన లేకుండా నువ్వు చేసి పారేశావు.

తప్పు నాది కూడా. కిటుకు చెబితే నువ్వు దొంగ ఆకు తెస్తావని దాచాను. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నువ్వు కత్తెర పట్టేదానివే కాదు. నిన్ను అనుమానించినందుకు చెంపలేసుకుంటున్నాను.

మేడమ్ దగ్గరకు వెళ్ళి నీ ఉత్తరం చదివి వినిపించాను. కళ్ళ గురించి రాసిన ముక్క కూడా తప్పించలేకపోయాను, ఆవిడ నా భుజం మీదుగా చూస్తున్నారు. భూతద్దం తీసి ఆకు అంచు మళ్ళీ చూసి, "కత్తెర గాటు ఇంత నున్నగా ఉంటే ఎవరు మాత్రం కనిపెడతారు!" అన్నారు. ఆవిడ ఒకరిని మెచ్చుకోవడం నేను వినడం ఇదే మొదలు. మళ్ళీ పరీక్షించే దాకా చెట్టును ముట్టుకోవద్దని ఈ చీటీ రాసిచ్చారు. దీన్ని మేస్త్రీకి చూపించు. డ్రైవరుకు ఒక చిన్న కొమ్మ ఇచ్చి పంపు. ఆకు ఎలా ఉంటే అలా, గింజ ఎలా ఉంటే అలా. దుమ్ము కూడా తుడవకు.

జీపుకు ఏదో రిపేరు ఉంది, దారిలో ఆగకుండా ఉంటే సోమవారానికి చేరాలి. అంతవరకు వాళ్ళను ఎలాగైనా ఆపు. ఎలా అని నేను అడగను.

గుండు

ఏప్రిల్ 7

ఒరే గుండూ,

ముందు మీ డ్రైవరు గురించి రెండు మాటలు. సోమవారం పొద్దునే రావాల్సినవాడు మధ్యాహ్నం భోజనాల వేళకు దిగాడు. ఈలోగా నేను పడ్డ పాట్లు విను.

పొద్దునే మేస్త్రీ, ముగ్గురు మనుషులూ దిగారు. కళ్ళద్దాలాయన పెళ్ళివారికి ఎదురెళ్ళినట్టు వెళ్ళాడు. ఏడుద్దామా అనుకున్నాను కానీ నా ఏడుపు మొహం నాకే నచ్చదు. అంతలో మేస్త్రీ గొడ్డలి ఎత్తాడు. చంక దగ్గర చొక్కా జానెడు చిరిగి ఉంది.

"ఆగు బాబూ, ఈ చొక్కాతో రెండు దెబ్బలు వేస్తే చెయ్యి ఒక చోట, చొక్కా ఒక చోట ఉంటాయి. విప్పు, క్షణంలో కుట్టిస్తా" అన్నాను.

"డబ్బులేం ఇవ్వలేనమ్మా" అన్నాడు.

"నా చెట్టును కొట్టేవాడి దగ్గర డబ్బులు తీసుకుంటానా?" అన్నాను. సిగ్గుపడి విప్పాడు. మిగతా ముగ్గురివీ చూశాను. ఒకడికి కాలరు, ఒకడికి జేబు, ఒకడికి అసలు ఏదీ సరిగా లేదు. అందరివీ విప్పించాను.

తీసుకెళ్ళి కుట్టానా? లేదు. ఉన్న కుట్లన్నీ విప్పేశాను. చేతులు ఒక కుప్ప, ఒళ్ళు ఒక కుప్ప, కాలర్లు ఒక కుప్ప. మేస్త్రీ లోపలికి తొంగి చూసి నోరు తెరిచాడు. "కుట్టడమంటే ఇలాగే, మొదటినుంచీ రావాలి. అలా నీడలో కూర్చోండి" అన్నాను. చొక్కాల్లేకుండా ఎండలోకి ఎక్కడికి పోతారు? నలుగురూ చెట్టు కింద బల్ల మీద కూర్చున్నారు. ఎండ ముదిరింది. నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చున్నారు. కళ్ళద్దాలాయన "ఏమిటీ ఆలస్యం" అని అడగడానికి వచ్చి, "కూర్చోండి సార్, ఇక్కడ చల్లగా ఉంది" అని మేస్త్రీ జరగగానే కూర్చున్నాడు. కరెంటు పోయి ఆయన దుకాణంలో ఫ్యాను ఆగిపోయింది లే. మళ్ళీ లేవలేదు.

డ్రైవరు చీటీ తెచ్చేసరికి ఐదుగురూ కునుకు తీస్తున్నారు. మేస్త్రీ చదివి, "ఈ మాట ముందే చెబితే చొక్కాలు మిగిలేవి కదమ్మా" అన్నాడు. సాయంత్రానికి అన్నీ కుట్టి ఇచ్చాను, కొత్తవాటిలా. మొహమాటపడుతూ వాళ్ళావిడ జాకెట్టు కొలతలకు ఎప్పుడు రమ్మంటారని అడిగాడు.

కొమ్మ పంపుతున్నాను. ఒక ఆకు మీద పిట్ట రెట్ట ఉంది. తుడవలేదు. ఆ వంకర భుజాలు చూస్తుంటే చేతులు దురద పెట్టాయి, కొంగులో చుట్టుకుని నిలబడ్డాను.

మోసం చేశానన్నావు చూడు, ఆ మాట నాకు నచ్చింది. తప్పు నీది కూడా అన్నావు, అది ఇంకా నచ్చింది. కానీ భయం పోలేదురా. ఇది కూడా తేడా వస్తే ఏం చేస్తానో నాకే తెలియదు. త్వరగా రాయి.

అత్త

ఏప్రిల్ 14

అత్తయ్యా,

రెక్కగింజ! నిలువెత్తు రెక్కగింజ! నీ చెట్టు ఇక్కడిదే, మనకంటే ముందునుంచీ ఇక్కడిదే. మేడమ్ కొమ్మను చేతిలోకి తీసుకోగానే చెప్పేశారు, భూతద్దం కూడా తీయలేదు. పాత కాగితం రద్దు చేసి కొత్తది పంపాం. రోడ్డు నీ చెట్టును తప్పించుకుని పోతుంది.

ఇక ఒక నిబంధన చెప్పాలి. మన నేల చెట్ల జాబితాలోకి ఎక్కిన చెట్టుకు రెమ్మ కత్తిరించాలన్నా మా ఆఫీసు అనుమతి కావాలి. మిషన్ మీద వెలుతురు పడటం లేదని నువ్వు ఏటా కిటికీ వైపు కొమ్మలు నరికిస్తావని నాకు తెలుసు. ఇకనుంచి దరఖాస్తు పెట్టుకో. మంజూరు చేసేది నేనే. చేయను.

ఇంకొకటి. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. అమ్మ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. నీ చెట్టు సంగతి తెలిసిన రోజే నాన్న వెనక గదిలో తన పాత సామానంతా బయట పడేశాడట. నువ్వొస్తే నీ మిషన్ పెట్టుకోవడానికి కిటికీ పక్కన బల్ల చేయిస్తున్నాడు. గది తలుపుకు విడిగా తాళం బిగించి, రెండు చెవులూ నీకే ఇవ్వాలని దాచి ఉంచాడట. చెట్టు ఎప్పుడు కొడతారని అన్నిసార్లు అడిగింది నీ మీద గెలిచానని కాదు అత్తయ్యా. నువ్వు వచ్చేసరికి బల్ల పూర్తవ్వాలని వడ్రంగిని తొందరపెట్టడానికి. చెట్టు నిలబడిందని అమ్మ చెబితే, "మంచిదేలే" అని ఆ గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదట.

నీకు చెప్పవద్దని అమ్మతో అన్నాడు. అమ్మ నాతో అంది. నేను నీతో అంటున్నాను.

గుండు

ఏప్రిల్ 20

గుండూ,

కాగితం చేరింది. రోడ్ల ఆఫీసు వాళ్ళు వచ్చి ఎర్ర గుర్తు చెరిపి తెల్ల పట్టీ వేశారు. కళ్ళద్దాలాయన తన బోర్డును కొమ్మల కిందికి దించుకున్నాడు. ఇప్పుడు అందరి తలలకూ తగులుతోంది, అందరూ చదువుతున్నారు. కొమ్మల సంగతి నాకు పట్టదు, మిషన్‌నే వెలుతురు వైపు జరిపాను. నీ ముందు దరఖాస్తు పెట్టుకునే రోజు నాకు రాదు.

మీ నాన్న సంగతి చదివి ఏడ్చాను. రాయడానికి సిగ్గేమీ లేదు. ఎవరికో కాజాలు కుడుతూ ఏడ్చాను, రెండు వంకరపోయాయి. నోరారా ఒక్క మాట అంటే ఏం పోయేదిరా మా అన్నయ్యకు? "రా అమ్మా, నీకో గది ఉంది" అనడానికి బదులు "ఏ తారీకుకి కొడతారు" అంటాడా! నేనైనా ఫోను పెట్టేసే ముందు ఎందుకు అడుగుతున్నావని అనలేకపోయాను.

శుక్రవారం బండెక్కుతున్నాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి మీ ఇంట్లో ఉంటాను. నాలుగు రోజులు ఉంటాను, అంతకు మించి ఒక్క పూట ఉండను. మీ నాన్నకు ముందుగా చెప్పలేదు. ఆ బల్ల మీద కూర్చుని నాలుగు కుట్లు వేసి, ఎత్తు బాగుందని చెబుతాను. బాగా లేకపోయినా చెబుతాను. ఒక తాళం చెవి నేను తెచ్చుకుంటాను, రెండోది ఆయన దగ్గరే ఉంచమంటాను.

ఉన్నది పోయి, వేరే దారిలేక ఆ గదిలో అడుగుపెట్టి ఉంటే మీ నాన్న ఎంత మంచిగా చూసినా నాకు నచ్చేది కాదు. ఇప్పుడు నన్ను ఎవరూ వెళ్ళమనడం లేదు, వెళ్ళాల్సిన అవసరమూ లేదు. మా అన్నయ్యను చూడాలనిపించింది, వెళ్తున్నాను.

అత్త